నీలంలో చుక్క

ఫోన్‌లో నేను నది మధ్యన నిలబడి ఉన్నాను.
చుట్టూ నీలం.
నడుమ ఎర్రచుక్క, అది నేను.
నిజానికి నా బూట్ల నిండా పొడి ఇసుక.
పుష్యమాసం పొద్దు, ముక్కు కొస ఉందో లేదో తెలియని చలి.
ప్రాణహిత రెండు కేకల దూరంలో
పొగమంచు ముసుగుతన్ని
మహారాష్ట్ర వైపు ఒత్తిగిలి పడుకుంది.

"సర్వే నంబరెంత?" అన్నాను.
జాడి బానక్క నవ్వలేదు.
గుంతలోంచి తలెత్తి
"గంగకేం నంబరుంటది సారూ" అని
మళ్లీ వంగింది.

మోచేతి లోతు దాకా పొడి,
ఇంకో జానెడు తవ్వితే తడి.
తడి తగిలిన చోట చెయ్యి ఆగాలట.
అత్యాశకు పోతే నీళ్లూరి వేరు మురుగుతుందట.
తడి మీద రెండు దోసిళ్ల మేకల ఎరువు,
ఒక దోసెడు చెల్క మన్ను,
ఉత్తరం దిక్కున గాలికడ్డంగా రెల్లు దడి.
ఇట్లా నూట ఇరవై గుంతలు.

"విత్తనాలేవి?"
నడుము మీద చెయ్యి వేసి చూపింది.
తడిగుడ్డలో చిన్న మూట.
మూడు రాత్రులుగా కట్టుకునే పడుకుంటోంది.
"సలికి ఇత్తు పలుగది. పెయ్యి ఎచ్చకు పలుగుతది.
పిల్లల్ని మోసినప్పుడు గూడ
గింత పైలంగ పక్క మారలే."
మూట విప్పితే
నల్లటి గింజల మూతులు చీలి
ఈగ కాలంత తెలుపు.

పంట: పుచ్చ. అది దొరికింది.
నీటి ఆధారం: బోరు, బావి, కాలువ, చెరువు, వాన.
చెలిమె లేదు. 'ఇతరములు' నొక్కాను.
యజమాని పేరు?
దీపావళి దాటి నీళ్లు తీసినాక
ఊరంతా దిగి వెదురుబొంగుతో కొలుచుకుంటారు.
ఈ ఏటి మడి వచ్చే ఏటికి ఉండదు.
నది తానే చెరిపి, తానే కొత్తగా పరుస్తుంది.
'ఖాళీగా వదలరాదు' అంది తెర, ఎర్రటి అక్షరాల్లో.

పక్క మడి ఏల్పుల ఓదెలుది.
నిరుడు రెండు బెత్తెల ఇసుక కోసం
బానక్క కుండ పగలగొట్టింది ఆయనే.
శ్రావణంలో కామెర్లతో పోయాడు.
పెద్దమనుషులు బొంగు పట్టి
ఆయన వంతు కూడా కొలిచి, గీత గీసి, వదిలేశారు.
అందులో నలభై గుంతలు ఆమే తవ్వింది.

ఎందుకంటే,
"ఖాళీ జాగుంటే అడవి పందులు అటుకెల్లే జొరవడ్తయి."
కాసేపటికి, చేతుల ఇసుక దులుపుకుంటూ,
"ఆని మొండితనం నీకెర్క లేదు సారూ.
మడి పడావు వెడితే
రాత్రికి రాత్రి లేచొచ్చి గీత జరుపుతడు."

మార్చిలో మళ్లీ వెళ్లాను.
నా చుక్క ఇంకా నీళ్లలోనే ఉంది.
ఆమె తీగల మధ్య గొంతుక్కూర్చుని
ఒక్కో కాయనూ వేలితో కొట్టి వింటోంది.
కణకణమంటే పచ్చిది,
బొదబొదమంటే ఆలస్యమైంది.
గీతకు అవతల పక్క కాయ ఒకటి తుంచి
మోకాలికేసి పగలగొట్టింది.
"గిది ఓదెలు కాయ. తియ్యగుండదు, జూడు."

తిన్నాను.
బెల్లం నీళ్లలా ఉంది.
చెప్పలేదు.
ఆమె కూడా ఒక ముక్క తిని
చాలాసేపు ఏమీ అనలేదు.
నేను గింజ ఉమ్మబోతే చప్పున దోసిలి పట్టింది.
"ఇసుకల ఉమ్మకు. ఇత్తులు."

తోటకు నష్టపరిహారం రాదు, బీమా రాదు,
లెక్కల్లో తోటే లేదు అని
ఎట్లా చెప్పాలో ఆలోచిస్తూ వెళ్లినవాణ్ని
మోటారుసైకిల్ వెనక రెండు కాయలు కట్టుకుని
చెప్పకుండానే చెన్నూరు వచ్చేశాను.

జులైలో ఒకరోజు
ఒడ్డు మీద గొడుగు పట్టుకుని ఫోన్ తెరిచాను.
పటం మొదటిసారి నిజం చెప్పింది.
అంతా నీలమే, తెర మీదా, తెర బయటా,
బయటిది కాస్త బురద రంగు.

ఓదెలు గీత ఎక్కడుండేదో చూద్దామని
తడి వేలితో
తెరను జరిపి జరిపి వెతికాను.