సున్నా కొస

టేపు సున్నా కొసను
గుండు పడ్డ గుంట అంచున గుచ్చడం నా పని.
రెండో కొస వలయం దగ్గర
కోచ్ హాల్వర్సన్ చదువుతాడు.
మధ్యలో ఉన్నదంతా ఆర్డిస్ క్వామ్మెది.

ఆమెకు డెబ్బై ఆరు. నాకు పందొమ్మిది.
నా గుండు నాలుగు కిలోలు, ఆమెది రెండు.
"వయసు మీదపడేకొద్దీ బరువు దించుతారమ్మాయ్,
ఇంత మర్యాద తెలిసిన చట్టం ఇంకెక్కడా చూళ్ళేదు"
అంటూ ఇనుమును
మెడవంపులోకి పొదువుకుంటుంది.

ఉత్తర డకోటాలో ఏప్రిల్ అంటే
మంచు ఇంకా బెంచీల కింద నక్కి ఉంటుంది.
ధాన్యం గోదాముల మీదుగా వచ్చే గాలి
చెవులు కోసుకుపోతుంది.
మంగళవారం మంగళవారం
పాత పికప్ ట్రక్కులో వస్తుంది,
గుండును ఉన్ని సాక్సులో దూర్చి
దారంతా హీటరు ముందు పెట్టుకుని.

ఈ కాలేజీలోనే చదివిందట, అరవై ఏడులో.
అప్పుడు ఆడపిల్లలకు జట్టు లేదు.
మగపిల్లల జట్టు తువ్వాళ్ళు ఉతికే పని ఉండేది,
గంటకు డాలరుంపావు.
ఒక సాయంత్రం ఎవరూ లేనప్పుడు
మగవాళ్ళ గుండు ఎత్తి విసిరిందట.
ఎంత దూరం పడిందో కొలిచేవాళ్ళు లేరు.
"నా అతి పెద్ద విసురు అదే కావచ్చు,
కాకపోనూవచ్చు" అని భుజాలెగరేస్తుంది.
ఆ మాట విన్నప్పటి నుంచి
నేను టేపును బిగించి పట్టుకుంటున్నాను.

డెబ్బై అయిదు నిండిన రోజు
మా జట్టుకి కేకు తెచ్చింది, గంతులేస్తూ:
"కొత్త వర్గంలోకొచ్చా!
ఇక్కడ అందరికంటే చిన్నదాన్ని నేనే!"
అందరూ అంటే ఇద్దరు.
రెండో ఆమె మైనాట్ నుంచి వచ్చే ఓపల్ శ్రాడర్,
నాలుగు నెలలు పెద్ద.
డెయిరీ నడిపిన చేతులు.
విసిరేముందు గుండు చెవిలో
జర్మన్‌లో ఏదో చెప్పేది.
తొమ్మిదేళ్ళలో ఆమె మీద ఆర్డిస్ గెలిచింది రెండుసార్లే.
ఆ రెండుసార్లూ ఏ తేదీ, గాలి ఎటునుంచి,
ఓపల్ ముఖం ఎలా మాడిపోయిందీ
పూసగుచ్చినట్టు చెబుతుంది.

ఈ ఏడు జూన్ పోటీల జాబితాలో
ఆ వర్గం కింద ఒకటే పేరు.
ఓపల్ ఫిబ్రవరిలో పోయింది.
ఒక్క విసురు గీతల మధ్య పడితే చాలు,
బంగారం ఆర్డిస్‌దే.
కాళ్ళ ముందు జారవిడిచినా చాలు.

ఆర్డిస్ నా చేతిలో చిన్న పసుపు జెండా పెట్టింది,
గ్యాసు పైపులవాళ్ళు నేలలో గుచ్చే రకం.
"ఏడు మీటర్ల పద్నాలుగు. ఓపల్ చివరి విసురు.
అక్కడ గుచ్చు."
రిఫరీ నియమాల పుస్తకం తిరగేసి
అడ్డు చెప్పే వాక్యమేదీ దొరక్క ఊరుకున్నాడు.

మొదటిది ఆరూ ఎనభై.
రెండోది వేళ్ళలోంచి జారి పక్కకు పోయింది.
మూడోదానికి ముందు
మోకాలి పట్టీ విప్పి మళ్ళీ కట్టుకుంది.
నాలుగు, అయిదు నాకు గుర్తులేవు,
స్టాండులో ఎవరి పసివాడో గుక్కపెట్టి ఏడుస్తున్నాడు,
హాట్‌డాగుల పొగ నా కళ్ళలోకి వస్తోంది.

ఆరోది
పడ్డ చప్పుడే వేరు.
జెండా వణికింది.
వంగి చూశాను: గుంట అంచు, జెండా పుల్ల,
మధ్యలో నా మూడు వేళ్ళ వెడల్పు.

సున్నాను ఆ మూడు వేళ్ళూ అవతలికి జరిపితే?
కోచ్ కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు.
రిఫరీ పెన్సిలు వెతుక్కుంటున్నాడు.
ఆర్డిస్ ఒక్కతే వలయంలో నిలబడి
నన్నే చూస్తోంది,
కొలిచేవాళ్ళు లేని ఆ సాయంత్రం నుంచీ
చూస్తున్నట్టు.

గుచ్చాల్సిన చోటే గుచ్చాను.

"ఏడూ సున్నా తొమ్మిది!"

నార్వేజియన్‌లో ఒక బూతుమాట అంది.
తర్వాత నవ్వింది.
పతకం మెళ్ళో వేయబోతే
"సాక్సులో పడెయ్యండి" అంది.
జెండాను తనే వచ్చి పీకి, మట్టి దులిపి,
జేబులో దోపుకుంటూ అడిగింది:

"అయిదు సెంటీమీటర్లు.
మంగళవారం నీకు పని ఎన్నింటికి అవుతుంది?"