జీరో టికెట్లు

దేవరకద్ర బస్టాండుల పొద్దుగాల ఆరుంబావుకు
ఆధార్ కార్డు సూపిస్తే
కండక్టరమ్మ మిషను టక్కుమనిపిచ్చి
జీరో టికెట్టు చేతుల వెడ్తది.
పైసలుండవు దాని మీద. తారీఖుంటది.
నాకు కావాల్సింది తారీఖే.

మా ఊరి కల్లు దుకాణం
గడప కాడికెల్లి ఎన్నడుగులో
కండ్లు మూసుకొని చెప్త.
పత్తి ఏరి నడుము ఇరిగినంక
మొఖం గుడ కడగకముందే
కాళ్లు అటే పోతుండె.
చెట్టు కల్లు గాదని ఎరికే మాకు.
ఊరిల ఈతచెట్లు పన్నెండు,
దుకాణంల పొద్దుకు మూడొందల సీసాలు.
ఆ లెక్క రానోళ్లెవరు?
అడగనోళ్లమే అందరం.

పండ్లు మొలిచేటప్పుడు ఏడుస్తుంటే
మా అమ్మ పేలిక ముంచి నోట్ల వెట్టిందట.
ఆమెను తిట్టబుద్ధి గాదు.
తెల్లారితే కూలికి పోవాలె ఆమె గుడ.

మొన్న వానకాలం జీపులొచ్చి
దుకాణానికి సీలేసి పోయినయ్.
మంచిగైందన్నరు టీవీల.
ఒక్కసారే ఆపితే పానం మీదికొస్తదని
మాకెవ్వరు చెప్పలే.
రెండోనాడు చేతులదిరినయ్.
మూడోనాడు గోడ మీదికెల్లి చీమలు దిగి
పేరు వెట్టి పిలిచినయ్,
ఉసేనమ్మా, ఉసేనమ్మా.
నాలుగోనాడు పొయ్యి ముంగట పడి నాలుక కొరుక్కున్న.
గాలి సోకిందని మా ఆయన నిమ్మకాయలు తెచ్చిండు.
పిడికిట్ల తాళంచెవి పెట్టిండ్రు.
పక్కింటి బాలకిష్టయ్య ఐతే
తాళంచెవి పట్టుకొనే పోయిండు.

ఆశా మణెమ్మ ఒక్కతే అన్నది:
"దయ్యం గాదు, మందు.
మందుకు మందుంది. నడువు."

పాలమూరు పెద్ద దవాఖాన.
చీటీ కాడ అడిగిండ్రు, ఏం రోగమని.
ఎనక లైనంత ఇంటున్నది.
నాకు నోరు రాలే.
మణెమ్మే చెప్పింది గట్టిగ,
షుగరన్నట్టు, బీపీ అన్నట్టు.

ఆ సారు బుధారమే వస్తడు.
వారానికి సరిపడ గోలీలే ఇస్తడు.
బాయిల మెట్లు దిగినట్టు
ఒక్కొక్కటే దిగాలె అన్నడు.
సగం గోలి, ఎనక పావు.
బ్లేడుతోని కోస్తుంటే వణికి
ముక్క పోయి చాటల వడ్తది,
బియ్యంల దేవులాడుకుంట కూసుంట.

బస్సు ఉత్తదే.
ఊరికెల్లి రోడ్డు దాక ఆటోకు జీరో లేదు.
కూలికి అసలే లేదు.
నాలుగు బుధారాలు చూసి
మేస్త్రి జయమ్మ నా పేరు తీసేసింది.

పోయేటి టికెట్టు గ్లూకోజు డబ్బల దాస్త.
వచ్చేటిది పారేస్త.
నెలకే దాని సిరా మాసిపోతది,
మా బిడ్డతోని పెన్నువెట్టి
తారీఖు మల్ల దిద్దిపిస్త.

దసరా ముంగట సారు బదిలైండు.
రూముకు తాళం.
"ఎవరొస్తరో, ఎప్పుడొస్తరో" అన్నడు వాచ్‌మన్
పల్లీలు ఒల్సుకుంట.
ఆనాడు సీదా ఇంటికి పోలే.
దుకాణం తెరిచే ఉన్నది, వేరే పేరు మీద.
మూడు సీసాలు.
దాచేదేముంది.

తెల్లారి మణెమ్మొచ్చి తిట్టలే.
నా పొయ్యి మీదనే చాయ్ వెట్టింది.
"ఎన్ని టికెట్లున్నయ్ నీ కాడ?"
డబ్బ ఒంపి లెక్కవెట్టిన. పదకొండు.
"నిన్నటి రాత్రి వాటిని తిన్నదా?
పదకొండున్నయ్ గదనే."

ఇప్పుడు ఇరవయ్యారు.
కొత్త డాక్టరమ్మ చిన్నపిల్ల,
మా మాట సగమే సమజైతది ఆమెకు.
నెలకొక్కపారి మా ఊరికే వస్తనన్నది.
అన్నది. చూడాలె.

ఇయ్యాల నా పక్కన ఈదమ్మ కూసున్నది.
కిటికీ కమ్మి పట్టుకున్నది,
బస్సు ఇంక కదలనే లేదు, చెయ్యి ఊగుతున్నది.
"చీమలొస్తున్నయా?" అన్న మెల్లగ.
తలకాయ ఊపింది.
"పేరు వెట్టి పిలుస్తున్నయా?"
గప్పుడేడ్చింది.
తననొక్కదాన్నే పిలుస్తున్నయనుకున్నది పాపం.

కండక్టరమ్మ వచ్చింది. రెండు అన్న.
ఈదమ్మ టికెట్టు ఆమె చేతులనే పెట్టి
పిడికిలి మూసిన.