ఐదున్నర అంగుళాలకోసారి

చర్చి కింది గదిలో మంగళవారం.
కిటికీలు నేలమట్టాన ఉంటాయి కాబట్టి
మాకు కనిపించే మానిటోబా అంతా
మంచూ, మనుషుల బూట్లూ.

అగనేత క్లాసెన్ నన్ను పిలిచింది:
"ఇది కొయ్యడం లేదు, కొరుకుతోంది."
గింజల గోదాములో బేరింగులు మార్చే దాన్ని.
తిరగాల్సింది ఏది తిరగకపోయినా
ఇక్కడ అందరికీ నేనే గుర్తొస్తాను.

నాలుగు మడతల నీలం గుడ్డ.
కోసిన పట్టీని పైకి తీస్తే వస్తుంది, వస్తుంది,
ఒకచోట ఆగుతుంది.
ఒక్క పోగు, మహా అయితే రెండు,
సంతలో చెయ్యి వదలని పిల్లలా.

స్కేలు పెట్టి కొలిచాను.
తెగని చోటు నుంచి తెగని చోటుకి ఐదున్నర అంగుళాలు.
మళ్ళీ ఐదున్నర. మళ్ళీ.
ఆడలేక మద్దెల ఓడంటారు గానీ
ఈ మద్దెల నిజంగానే ఓడుది:
చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా
అంచు మీది అదే గంటు
గుడ్డను ముట్టుకోకుండా దాటిపోతోంది.

బ్లేడుని లైటుకెదురుగా పట్టుకున్నాను.
గుండుసూది మీంచి పోనిచ్చావా?
"డిసెంబరులో," అంది,
అదేదో వాతావరణం సంగతన్నట్టు.

విప్పాను. నట్టు, వంపు వాషరు, బ్లేడు, బోల్టు,
వచ్చిన వరసలోనే బల్ల మీద పేర్చాను.
వాషరు బోర్లా పడిందంటే
కొత్త బ్లేడు కూడా పాత బ్లేడే.
చక్రం వెనక బూడిదరంగు పీచు ముద్ద,
నిరుడు గుడారాలకి పంపిన
నలభై ఎర్రచారల బొంతల నూగు
ఇంకా ఇక్కడే ఉంది, వెళ్ళలేదు.
తుడిచి, కుట్టుమిషను నూనె ఒక్క చుక్క.
బిగించి, పావు చుట్టు వెనక్కి.
మరీ బిగిస్తే తిరగదు, ఈడ్చుకుంటూ పోతుంది,
వదిలేస్తే ఊగుతుంది, అన్నాను.
"కట్టర్ గురించేనా?" అంది టీనా డిక్
ఇస్త్రీపెట్టె దగ్గర్నుంచి.

కొత్త బ్లేడు. కొత్త గుడ్డ.
ఈసారి లెక్క లేదు.
అక్కడొకటి, ఇక్కడ మూడు,
అదీ అడుగు మడతలోనే, అవతలి కొసనే.
మ్యాట్ మీద ఆరో గీత దగ్గర కాలవ తెగి ఉంది,
ఏళ్ళ తరబడి అందరం అదే గీత మీద కోశాం మరి.
మ్యాట్ తిప్పి వేశాను.
అవతలి కొసన మళ్ళీ పోగులు.

అప్పుడు కట్టర్ని చూడ్డం మానేసి
ఆమెను చూశాను.
భుజం చెవిదాకా లేచింది.
మోచెయ్యి గాల్లో.
మడమలు నేల మీద లేవు.

ఈ మాట ఎలా చెప్పాలో
నాకే యంత్రమూ నేర్పలేదు.
నట్టుని అనవసరంగా ఇంకోసారి చూశాను.

"బల్ల పెరిగింది," అంది అగనేత.
"జేకబ్ దీన్ని సరిగ్గా నా నడుముకి కొలిచి చేశాడు.
చెక్క కొట్టేశాక పెరగదని ఎవరన్నారు?"
ఎవరూ నవ్వలేదు.
తనే ముందు నవ్వింది, తర్వాత మేం.

సారా రైమర్ వెళ్ళి
సండే స్కూలు పిల్లలు కుళాయి అందుకోడానికి ఎక్కే
పీట తెచ్చింది, పసుపు ఎలుగుబంటి బొమ్మది.
ఎనభై ఏడేళ్ళ మనిషి ఎలుగుబంటి నెత్తినెక్కింది.
బరువు భుజం దిగి, మోచెయ్యి దిగి,
చక్రంలోకి వెళ్ళడం నేను చూశాను.
గడ్డకట్టిన చెరువు మీద స్కేటు గీసిన చప్పుడు.
పట్టీని ఎత్తింది. వచ్చింది, వచ్చింది,
కొసదాకా వచ్చింది.

పాత బ్లేడుకి టేపు చుట్టి
పిప్పరమెంటు డబ్బాలో వేసి
మూత మీద పెన్నుతో రాసింది: డిసెంబరు.

పీట దిగకుండానే ఇంకో గుడ్డ అడిగింది.
ముందు బ్లేడుకి తొడుగు వెయ్యి, అన్నాను.
"ఎప్పుడు వెయ్యలేదు?" అంది,
తెరిచి ఉన్న బ్లేడుతో నన్ను చూపిస్తూ.