పిరిహీరా నోరు మూసుకున్న రోజు

అక్క మూడు గంటలు నోరు మెదపకుండా పడుకుందంటే
మా లోయలో ఎవరూ నమ్మరు.
గొర్రెల ఉన్ని కత్తిరించే కొట్టాల్లో
నలభై మందికి వండి
నలభై మందినీ పేరుపేరునా తిట్టి తినిపించిన మనిషి.
మరాయె వాకిట్లో నిలబడి
వచ్చే చుట్టాల్నీ, వాళ్ళ వెనకే నడిచొచ్చే చనిపోయినవాళ్ళనీ
ఒకే కేకతో లోపలికి పిలిచే గొంతు.

ఆ శనివారం మాత్రం
పెద్దింట్లో చాప మీద వెల్లకిలా పడుకుంది.
ఆ ఇల్లు మా మూలపురుషుడు.
నడికప్పు దూలం ఆయన వెన్నెముక,
వాసాలు పక్కటెముకలు.
ఆయన కడుపులోనే పరుపులేసుకుని గురకలు పెడతాం.
ఆయనేమీ అనుకోడు.

పరాతెనే గుడ్డ విప్పి ఉహీలు పరిచాడు.
ఆల్బట్రాస్ ఎముకతో చేసిన ఉలులు, చివర దువ్వెన పళ్ళు.
ముత్తవ్వల కాలంలో గాడి పడేలా చెక్కేవాళ్ళట,
చీకట్లో వేలితో తడిమి
మనిషిని పోల్చుకునేంత లోతుగా.
బొమ్మ ఏదని అడిగితే కాగితం తియ్యలేదు.
అమ్మ గురించి అడిగాడు, నది గురించి అడిగాడు.
పోయిన ఇద్దరు బిడ్డల గురించి
అడక్కుండానే తెలుసుకున్నాడు.

ఓడ దిగిన విహారయాత్రికులు రేవులో
ఇవే వంపులున్న తువ్వాళ్ళు కొంటారు.
కొననీ.
తువ్వాలుకి అమ్మ ఉండదు.

టక్. టక్. టక్.
రేకుల కప్పు మీద
వాన ఇంకా నిర్ణయించుకోనప్పటి చినుకుల్లా.

నేను పాదాలు పట్టుకున్నాను.
వేళ్ళు బిగిస్తే
పాట పెంచమని సైగ చెయ్యాలి, అదీ నా పని.
చరణాలు రానివాళ్ళు ఫోన్లలో చూసి పాడారు.
మా తరం అంతే.
మా మాట మాట్లాడిందని
బడిలో అమ్మ నోరు సబ్బుతో కడిగారు.
ఆ తర్వాత అమ్మ మాతో ఇంగ్లీషే మాట్లాడింది,
నిద్రలో తప్ప.

అందుకే అక్క ఇరవై ఏళ్ళు వాయిదా వేసింది.
"మాటలు సరిగ్గా రాని నోటికింద మోకో ఏంటే?" అనేది.
రాత్రిబడిలో కూర్చుని
మనవరాలి ఈడు పిల్లచేత తప్పులు దిద్దించుకుని
అరవై ఎనిమిదో ఏట పిలుపు నేర్చుకుంది.

పెదవులు వాచాయి.
పూర్వం ఇలాంటప్పుడు
చెక్కడాలున్న కొయ్య గరాటుతో గంజి పోసేవాళ్ళు,
పెదవికేదీ తగలకుండా.
ఒకటి నేను చూశాను,
సముద్రాలకవతల ఓ చలిదేశపు మ్యూజియంలో, గాజు వెనక.
కింద చీటీ మీద, "కొయ్య. వంట సామాను."
కాపలా మనిషికి చెప్పాలనుకున్నాను.
చెప్పలేదు, టోపీ సర్దుకుని వచ్చేశాను.

ఇక్కడ తె రీనా
పెట్రోల్ బంకులో దొరికిన స్ట్రాతో
వాళ్ళమ్మమ్మకి గుమ్మడికాయ సూప్ తాగించింది.
గులాబీ చారల స్ట్రా.
దాన్నెవరూ గాజు వెనక పెట్టరు.

అయిపోయాక అద్దం ఇస్తే
అక్క దాన్ని పక్కకి తోసి నావైపు తిరిగింది.
ముక్కుకి ముక్కు, నుదుటికి నుదురు ఆనించి
ఒకే ఊపిరి ఇద్దరం పీల్చుకున్నాం.
నెత్తురూ మసీ కలిసిన చుక్కొకటి
నా గడ్డానికి అంటింది.

ఎలా ఉన్నానని కళ్ళతోనే అడిగింది.
అమ్మలా, అనబోయాను.
కానీ అమ్మ గడ్డం ఖాళీగానే మట్టిలోకి వెళ్ళింది.
"అమ్మ నిద్రలో మాట్లాడుతున్నప్పటిలా" అన్నాను.
నవ్వకూడదని పరాతెనే చెప్పాడు కాబట్టి
అక్క నవ్వలేదు.
నా చెయ్యి మాత్రం నలిగిపోయింది.

తర్వాత వంటింట్లో
చిలగడదుంపల గంప ముందు కూర్చున్నాను.
"చిన్నమ్మమ్మా, గడ్డం మీద నల్లగా ఏదో అంటింది" అంది తె రీనా.
"తెలుసు" అన్నాను.
"ఆ కత్తి ఇటివ్వు."