పదీ ఇరవైకి దర్జీల సందు

ఈ గోడల ఊరిని రెండు రోజుల్లో చూపించడం నా ఉద్యోగం.
నేను నడవను. కంప్యూటర్ ముందు కూర్చుని
రాబోయేవాళ్ళ కాళ్ళను ముందే నడిపిస్తాను.

హరార్. అయిదు పాత ద్వారాలు.
ఎనిమిదింటికి ఎరెర్ ద్వారం, ఎండ ఇంకా మెత్తగా ఉండగానే.
ఎనిమిదీ నలభైకి మా నూరియా అత్త ఇల్లు:
ఎర్రమట్టి అరుగులు, గోడ నిండా అల్లిన బుట్టలు,
గుమ్మం పైన చుట్టి పెట్టిన తివాచీ.
ఇంట్లో పెళ్ళికెదిగిన పిల్ల ఉందని దాని అర్థం, అని రాశాను.
రమ్లా పెళ్ళయి పదకొండేళ్ళు.
తివాచీని ఎప్పుడో దించేసింది అత్త.
వచ్చినవాళ్ళంతా తలెత్తి వెతుకుతున్నారని
నిచ్చెన వేసుకుని మళ్ళీ ఎక్కించింది.
"నువ్వు రాశాక లేకపోతే ఏం బావుంటుందే" అంది.

రాత్రి ఏడున్నరకు గోడ బయట దుమ్ములగొండ్లు.
నా పట్టిక చదవడం వాటికి రాదు,
అయినా అందరికన్నా వేళకు వచ్చేవి అవే.

మధ్యలో, పదీ ఇరవైకి,
మకినా గిర్‌గిర్.
మనుషులు కాదు, కుట్టుమిషన్లు పెట్టుకున్న పేరు.
ఒకప్పుడు సందు మొదట్లో కళ్ళు మూసుకుంటే
రేకుల మీద వాన అనుకునేవాళ్ళట.
ఇప్పుడు చినుకులు లెక్కపెట్టొచ్చు.
'పట్టే సమయం' అన్న గడిలో ఇరవై అని కొట్టాను.
ఇరవై ఎందుకంటే
పదకొండింటికి మ్యూజియం.

బెద్రి అక్కడ యాభై ఏళ్ళుగా కుడుతున్నాడు.
మొన్న నన్ను పిలిచి, సూదిలోకి దారం ఎక్కిస్తూనే,
"అమ్మాయ్, నీ పట్టిక ప్రకారం
పదీ ఇరవైకి నేను చరిత్రని.
పదీ నలభైకి మళ్ళీ దర్జీని.
ఆ ఇరవై నిమిషాలూ ఎవరూ ఏమీ కుట్టించుకోరు.
చప్పుడు కావాలి, తొక్కమంటారు. తొక్కుతాను.
గుడ్డ లేదు, దారం లేదు,
మిషన్‌కి సిగ్గేస్తోందమ్మాయ్" అన్నాడు.

నవ్వొచ్చింది. ఇంటికొచ్చాక రాలేదు.

మా నాన్న పెళ్ళికోటు కుట్టింది ఆయనే.
నా బడి సంచీ పట్టీ మూడుసార్లు తెగితే
మూడుసార్లూ డబ్బులడగలేదు,
ఏడో ఎక్కం అడిగాడు.
కుట్టు పూర్తయ్యేలోపు ఎక్కం పూర్తవ్వాలి.
ఏడెనిమిదుల దగ్గర నేనాగితే
ఆయన కాలూ ఆగేది.
దీన్ని ఏ గడిలో పెట్టను?

ఆ రాత్రి ఇరవై చెరిపేశాను.
ఖాళీ గడి ఎర్రగా మెరిసి ఒప్పుకోలేదు.
'ఒక కాలరు కుట్టేంత' అని రాశాను.
అంకెలు మాత్రమే, అంది.
విసుగొచ్చి తొంభై తొమ్మిది కొట్టి
కింద ఒక్క వాక్యం చేర్చాను:
చిరిగినదేదైనా వెంట తెచ్చుకోండి.

మూడు వారాలు ఎవరూ తేలేదు.
నాలుగో వారం లిస్బన్ నుంచి ఒకావిడ,
చంక దగ్గర పిగిలిన రెయిన్‌కోటుతో.
(ఇదంతా ఎదురుకొట్టు కాఫీ కుర్రాడు చెప్పిందే.)
బెద్రి దాన్ని తిరగేసి చూసి
"ముందు ఎవరు కుట్టారు?" అని సైగ చేశాడట.
"మా అమ్మ."
"మంచి చెయ్యి" అని, పాత కుట్టు విప్పకుండా
దాని పక్కనే కొత్తది నడిపించాడట.
ఆవిడ కాఫీ తొక్కల కషాయం మూడు గ్లాసులు తాగి
మ్యూజియం మూసేదాకా అక్కడే కూర్చుందట.

మర్నాడు నా యాత్రకి మూడు చుక్కలు వేసింది:
'పట్టికలో సగం కూడా చూడలేకపోయాను.'
మా మేనేజరు తొంభై తొమ్మిదిని తిరిగి ఇరవై చేయమన్నాడు.

బెద్రికి చెప్పాను, అయిదింటికి మూడే వచ్చాయని.
దారం పంటితో తెంపుకుంటూ
"మా తాతలు ఒంటెలతో రాత్రుళ్ళు రేవుదాకా పోయొచ్చేవాళ్ళు,
వాళ్ళకి మూడు చుక్కలే ఎక్కువ" అన్నాడు.

రేపు మారుస్తానని మేనేజరుతో అన్నాను.
నిన్న కూడా అదే అన్నాను.
ఈలోగా బీరువాలోంచి నాన్న కోటు తీశాను.
మోచెయ్యి దగ్గర బట్ట పలచబడింది,
ఇంకా చిరగలేదు.
వేలు పెట్టి కొంచెం నొక్కి చూస్తున్నాను.