నలభైకి రెండు తక్కువ

కర్రారాలో మా నాన్న సమాధిరాళ్లు చెక్కేవాడు,
అక్షరానికి నాలుగు సోల్దీలు.
పేరుకీ అదే ధర, లెక్కకీ అదే ధర.
మాకు అంకెలు విడిగా పుట్టలేదు మరి,
అక్షరాలే రెండోపూట కూలికి పోయి అంకెలయ్యాయి.

నిలువుగీత ఒకటి. నాన్న దృష్టిలో అది వేలు.
V అంటే చాచిన అరచెయ్యి,
బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య సందు.
కొట్టివేతలా కనిపించే X పది.
మూల తిరిగిన గోడ L, యాభై.
C వంద, ఎవరో కొరికి వదిలేసిన రొట్టె.
నాకు ఉలి ఇచ్చేముందు ఒక్క ముక్కే చెప్పాడు:
"చిన్నది పెద్దదాని వెనక నడిస్తే కలుపుకో.
ముందుకి ఉరికితే తీసెయ్.
సంతలో మీ తమ్ముణ్ణి చూళ్లేదూ?"

పద్దెనిమిదివందల ఎనభై ఎనిమిది వచ్చింది.
MDCCCLXXXVIII.
అంత పొడుగు సంవత్సరాన్ని
నాన్న ఉలి అంతకుముందు ఎరగదు.
పదమూడు అక్షరాలు, యాభై రెండు సోల్దీలు.
"ఈ ఏడు పేదవాళ్లు చావకూడదు" అనేవాడు
రాతిపొడి ఉమ్ముతూ.
పేదవాళ్లు వినలేదు.

మార్చిలో కొండమీద కొమ్ము ఊదారు.
పాలరాతి దిమ్మని దించుతుంటే తాడు తెగింది.
ఊళ్లో ఆడవాళ్లందరూ వాకిట్లోకొచ్చి నిలబడ్డారు,
ఎవరి పేరు దిగొస్తుందోనని.

పదోరోజు జెలిందా మా కొట్టుకొచ్చింది.
చేతిరుమాలు ముడి విప్పి లెక్కపెట్టింది.
నలభై నాణేలు.
"ఏ సంవత్సరమో వద్దు, అది నాకు గుర్తుంటుంది.
పేరూ, వయసూ చాలు."
ORESTE. ఆరు అక్షరాలు,
ఇరవై నాలుగు పోగా పదహారు మిగిలింది.
వయసు ముప్పై ఎనిమిది.
నాన్న పలకమీద సుద్దతో వేశాడు, XXXVIII.
ఏడు. చేతిలో ఉన్నది నాలుగుకే.
కొసరు వేద్దామంటే ఆమె ఒప్పుకునే మనిషి కాదు.

"ఇంకో రెండేళ్లు బతికుంటే
రెండక్షరాల్లో అయిపోయేది" అన్నాను.
నలభై అంటే XL అని అప్పుడే నేర్చుకున్నాను,
పదకొండేళ్లదాన్ని, నోటికి తాళం లేదు.

నాన్న చెయ్యి లేచింది, మళ్లీ ఎందుకో దిగింది.
జెలిందా నావైపే చూస్తూ అంది:
"అతనూ అదే అనేవాడు.
నలభై నిండగానే క్వారీ మానేస్తా, మేకలు కొంటా,
రెండే ఏళ్లు జెలిందా, రెండే, అని
రోజూ రాత్రి గుమ్మంలో బూట్లు విప్పుతూ."

నాన్న చాలాసేపు సుద్దముక్కని అలాగే పట్టుకున్నాడు.
పలక తుడిచాడు. నలభై వేశాడు.
దాని ముందు రెండు నిలువుగీతలు గీశాడు.
IIXL.
నాలుగు అక్షరాలు. పదహారు సోల్దీలు.
జెలిందాకి చదువు రాదు. వేలితో తడిమింది.
"ఇవేనా ఆ రెండూ?" అంది.
"అవే."

బడిపంతులు కాస్సియానో ఆదివారంనాడు సమాధుల దొడ్లో
కళ్లజోడు సవరించుకుని మరీ మండిపడ్డాడు.
ఇది లెక్క కాదన్నాడు. ఏ రాజ్యంలోనూ
నలభై ముందు రెండు నిలబడదన్నాడు.
"నిలబడింది పంతులుగారూ" అన్నాడు నాన్న,
"అక్కడే ఆగిపోయింది కూడా."

తర్వాత పంతొమ్మిదివందలు వచ్చింది,
MCM, మూడే అక్షరాలు, కారుచవక.
జనం ఎప్పట్లాగే పోయారు.
నాన్న పోయినప్పుడు ఆయన రాయి నేనే చెక్కాను,
కూలి ఎవరిని అడగాలో తెలియలేదు.
ఏమీ లేకపోవడానికి మా అంకెల్లో గుర్తు లేదు.

ఇప్పటికీ అప్పుడప్పుడు ఆ రాయి దగ్గరికి వెళతాను.
నాచు పట్టింది. పేరులో చివరి అక్షరం సగం పోయింది.
నలభై ముందు ఆ రెండు గీతలు మాత్రం
గుమ్మం బయట విప్పిన బూట్లజతలా ఉన్నాయి.
మొన్న లివోర్నో నుంచి ఎవరో కుర్రాడు
తలవంచి చదివాడు: "నలభై రెండు."
దిద్దబోయి ఊరుకున్నాను.
నాలుగేళ్లు కలిసొచ్చాయి కదా.
మేకలతో తిరగనీ.