ఎముక లేని చేతులు

ట్రాలీబస్సుల డిపోలో పోయిన వస్తువుల గది.
ఉలాన్‌బాతర్ అంతా పారేసుకున్నది
చెరెన్‌దులామ్ అవ్వ కాపలాలో ఉంటుంది.
సంచులకి మనుషులొస్తారు, ఫోన్లకి పరిగెత్తుకొస్తారు,
ఒంటి చేతితొడుగు కోసం
పంతొమ్మిదేళ్ళలో ఒక్కరూ రాలేదు.
జోడు పోయాక ఎవరు వెతుకుతారు?
మిగిలినదాన్ని కూడా విసిరేస్తారు.
అట్టపెట్టెలో కుడివీ ఎడమవీ ఒకదాని మీద ఒకటి,
చేతులు కలిపిన మనుషులు
మధ్యలోనే లేచి వెళ్ళిపోయినట్టు.

జనవరి. బయట మైనస్ ముప్పై మూడు.
పొగ గొంతులో గరగరమనే సాయంత్రం
మేం ముగ్గురం వెళ్ళాం.
మరల్మా, ఖులాన్, వెనక నసుగుతూ నేను.
"అవ్వా, ఆ పెట్టె మాకిస్తావా?"
"ఏం చేసుకుంటారు?"
"మాట్లాడిస్తాం."
ఆమె నవ్వలేదు. రిజిస్టరులో సంతకం పెట్టించుకుంది.
రెండు వందల పదకొండు.

బడి బాయిలరు గదిలో బట్టలారేసే తాడు, క్లిప్పులు,
వేళ్ళలో కూరడానికి పాత నోటుపుస్తకాల కాగితాలు,
తెర పగిలిన ఖులాన్ ఫోను.
రోజుకి ఆరు ఫొటోలు. ప్రతి ఫొటో కింద
చేతితొడుగు చెప్పుకునే మాట:

"ఎడమదాన్ని. ఆవిడ దిగింది, నేను దిగలేదు."
"కుడిదాన్ని. చూపుడువేలికి చిల్లు.
ఆయనకి ఫోను నొక్కే తొందరెక్కువ."
"నన్నెవరో కొరికేవారు. పాలపళ్ళు. నొప్పి లేదు."

ఐదు వేల తుగ్రిక్‌లకి ఒక కుడి, ఒక ఎడమ.
రంగు కలవదు, కొలతా కలవదు.
డబ్బు పిల్లల ఆస్పత్రికి.
అక్కడ మూడో అంతస్తులో
మంచం పట్టె పట్టుకుని ఊపిరి తోడుకునేవాళ్ళకి
ఆవిరి మందు పట్టే యంత్రం కావాలి.

లెక్కల మాస్టారు "ఒంటి చేత్తో చప్పట్లా?" అన్నాడు.
అన్నవాడే ఒక జత కొన్నాడు,
ఒకటి ఊదా, ఒకటి ఆవాల పసుపు.
వారం తిరక్కుండా బస్సు కమ్మీల నిండా
పొంతన లేని చేతులు.
ముక్కూ మొహం తెలియని వాళ్ళు
"నీ రెండోది నా దగ్గరుందేమో" అని పలకరించుకున్నారు.

దాతని ఎముక లేని చేయి అంటారు కదా,
ఇవి నిజంగానే ఎముక లేనివి.
తాడుకి వేలాడుతూనే ఇచ్చాయి.

తొంభై మూడోది ఎర్రది, మరీ చిన్నది.
మణికట్టు దగ్గర తెల్ల ఉన్నితో గుర్రం తల,
చెవులు సాగి గాడిదైపోయింది.
"నన్ను కుట్టిన చేతికి గుర్రం రాదు. అయినా కుట్టింది"
అని రాసింది మరల్మా.
ఒక్క రాత్రిలో పదకొండు వేల గుండెలు.

తెల్లారుజామున ఒక సందేశం.
"అది మా పాపది. గుర్రం నేను కుట్టిందే.
పోయిన మార్చిలో, మీరు రాస్తున్న
ఆ మూడో అంతస్తులోనే పోయింది.
రెండోది నా దగ్గరుంది.
మీకే ఇచ్చేద్దామనుకున్నాను.
చేతులు రావడం లేదు."

ముందు మాట్లాడింది నేనే, చూపు నేల మీద పెట్టి.
"ఇది బయటికి చెబితే
ఒకటి కాదు, మూడు యంత్రాలొస్తాయి."
ఎవరూ తిట్టలేదు. నా లెక్కలో తప్పు లేదు.
బాయిలరు ఒకసారి దగ్గింది.
"ఒచిర్, కాస్త జరుగు" అంది మరల్మా.
పదకొండు వేల గుండెల్ని
ఒక్క వేలితో చెరిపేసింది.

ఖులాన్ ఒక్కతే చివరి స్టాపు దాకా వెళ్ళింది,
ఎర్రదాన్ని కోటు లోపల పెట్టుకుని,
బొగ్గుపొగలో గెర్‌ల మధ్య దారి అడుక్కుంటూ.
ఆయన ఉప్పు వేసిన పాలటీ ఇచ్చాడట.
అంతవరకే చెప్పింది.

యంత్రానికి ఇంకా ఎనభై వేలు తక్కువ.

ఫిబ్రవరిలో అవ్వ ఫోను చేసింది. "ఇలా రండి, వింత."
కౌంటరు మీద పెద్దవాళ్ళ చేతితొడుగులు.
కుడీ ఎడమా, ఒకే దారంతో ముడేసి.
"చివరి స్టాపు, వెనక సీటు.
రెండూ కలిసి పోవడం నేనెప్పుడూ చూడలేదు.
మరిచిపోయేవాడు ముడి వేస్తాడా?"

మణికట్టు దగ్గర తెల్ల ఉన్ని.
ఈసారి చెవులు
కుదిరాయి.